రాత్రి గేటు తెరవమని అడగకండి

శ్రీశైలం మల్లన్న దర్శనానికి నల్లమల మీదుగా వెళ్లే భక్తులకు, సెలవు దొరికితే కారు తీసే కుటుంబాలకు, బస్సులూ టెంపోలూ నడిపే డ్రైవర్ అన్నలకు నమస్కారం.

నేనూ మీలో ఒకణ్నే. ఊహ తెలిసినప్పటి నుంచి ఏడాదికి ఒకసారైనా ఈ దారిన వెళ్తున్నాను. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో కూర్చుని బస్సులో వెళ్లేవాణ్ని. ఇప్పుడు అమ్మను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కారులో వెళ్తున్నాను. పండగ వచ్చిన ప్రతిసారీ, సెలవులు కలిసొచ్చిన ప్రతిసారీ మనలో కొందరు ఒకే మాట అడుగుతున్నారు. రాత్రిపూట ఫారెస్ట్ గేటు తెరవమంటారు, లేదంటే ఇంకో రెండు గంటలైనా పెంచమంటారు. ఆ మాట అడగడం మనం మానేయాలి. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా అందుకే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. హైదరాబాద్ వైపు నుంచి వెళ్తే మన్ననూరు దగ్గర, శ్రీశైలం వైపు నుంచి వస్తే దోమలపెంట దగ్గర రాత్రి 9 గంటలకు గేట్లు పడతాయి. మళ్లీ తెరిచేది ఉదయం 6 గంటలకే. దోర్నాల వైపు ఘాట్ రోడ్డులోనూ రాత్రి రాకపోకలకు ఇలాంటి కట్టడే ఉంది. ఆ గేట్ల మధ్య ఉన్నది అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాలు. 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చిన అడవి ఇది. అప్పట్లో ఒక్కటే. రాష్ట్ర విభజన తర్వాత కాగితం మీద రెండయింది. కృష్ణకు ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ భాగమే 2,611 చదరపు కిలోమీటర్లు. పులికి మాత్రం ఇప్పటికీ అదంతా ఒక్కటే అడవి.

కొన్నేళ్ల కిందట ఒక కార్తీక మాసం రాత్రి మేం ఆ గేటు దగ్గర చిక్కుకుపోయాం. ఇంట్లో బయల్దేరడమే ఆలస్యమైంది, దారిలో భోజనానికి ఇంకో గంట పోయింది. మన్ననూరు చేరేసరికి 9 దాటి ఇరవై నిమిషాలు. మా ముందు ఆరేడు బండ్లు ఆగి ఉన్నాయి. ఒకాయన హారన్ మీద నుంచి చెయ్యి తియ్యట్లేదు. ఇంకొకాయన కిందికి దిగి, "దేవుడి దగ్గరికి పోతుంటే ఆపడానికి నువ్వెవరయ్యా?" అని అరుస్తున్నాడు. నేనూ దిగాను. కారులో ముసలి ప్రాణం ఉందని, చలిలో ఎక్కడ పడుకోబెట్టాలని గట్టిగానే అడిగాను. ఆ రోజు నేను మాట్లాడిన తీరు తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

గేటు దగ్గర ఉన్నది ఒక చెంచు వాచర్. మఫ్లర్ చుట్టుకుని, చేతిలో టార్చితో నిలబడ్డాడు. మా అందరి అరుపులూ అయ్యేదాకా ఊరుకుని, నెమ్మదిగా అన్నాడు: "పగలంతా తొవ్వ మీదే గద సార్. రాత్రి ఒక్కపూట వాటికి ఇడిసిపెట్టున్రి."

ఆ మాటకు ఎవరూ బదులు చెప్పలేదు. ఒక్కొక్కరే ఇంజన్లు ఆపేశారు, లైట్లు ఆర్పేశారు. కాసేపటికి లోపల ఎక్కడో 'ఢాంక్' మని ఒక అరుపు వినిపించింది. రేకు డబ్బా మీద కర్రతో ఒక్క దెబ్బ వేసినట్టుంది. కొంచెం ఆగి మళ్లీ అదే. అమ్మ భయపడి నా చెయ్యి పట్టుకుంది. వాచర్ కారు దగ్గరికి వచ్చి, "కణుజు అమ్మా, పెద్ద జింక. పులో చిరుతో కదిలితే అట్ల అరుస్తది. కడమవాటికి చెప్తున్నట్టు" అన్నాడు. ఆ అరుపు రోడ్డుకు కుడివైపు నుంచి మొదలై, కాసేపటికి ఎడమవైపు నుంచి వచ్చింది. మధ్యలో ఉన్నది మనం తెరవమంటున్న రోడ్డే. ఆ రాత్రి వెళ్లిందేదో దాన్ని దాటే ఉంటుంది.

అప్పటి నుంచి ఆ తొమ్మిది గంటల లెక్క నా మనసులో మారిపోయింది.

పిల్లల తల్లి అయిన ఆడపులి సంగతి ఒక్కసారి ఊహించండి. కూనలు మరీ చిన్నగా ఉన్నప్పుడు చోటు మార్చాలంటే తల్లి ఒక్కొక్కదాన్నే మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకెళ్తుంది. నాలుగు కూనలుంటే, కొత్త చోటు రోడ్డుకు అవతల ఉంటే, అది ఎన్నిసార్లు దాటాలి? ఒకదాన్ని దింపి రావాలి, రెండోదాన్ని దింపి రావాలి, మూడోదాన్ని దింపి రావాలి, చివరికి నాలుగోదానితో వెళ్లాలి. మొత్తం ఏడుసార్లు. ప్రతిసారీ ఏదో ఒక ఒడ్డున కూనలు ఒంటరిగా ఉంటాయి. ఆ మధ్యలో హెడ్‌లైట్లు వరసగా వస్తూ ఉంటే తల్లి ఇవతలా, పిల్లలు అవతలా ఉండిపోతాయి.

తల్లీ పిల్లలూ విడిపోతే ఏమవుతుందో 2023 మార్చిలో చూశాం. నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం ఊరి దగ్గర నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. అవి ఎందుకు విడిపోయాయన్నది వేరే విషయం, అది రోడ్డు వల్ల అని నేను అనడం లేదు. కానీ తల్లిని కలపాలని అటవీ సిబ్బంది రోజుల తరబడి అడవంతా గాలించారు. కలపలేకపోయారు. కూనలను తిరుపతి జూకి తరలించాల్సి వచ్చింది. అంతమంది మనుషులు, అన్ని కెమెరాలు ఉండి కూడా ఒక తల్లి చేసే పని చేయలేకపోయాం. 2022 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 పులులు. రెండు రాష్ట్రాలకూ కలిపి 84. వాటిలో చాలావరకు ఈ నల్లమలవే. ఒక్క ఈతలో పుట్టిన కూనలు పోయినా లెక్కలో తెలుస్తుంది.

పులి సంగతి పెద్దది కాబట్టి పేపర్లో వస్తుంది. పేపర్లో రానివి ఇంకా ఎక్కువ చస్తాయి. పగటి ఎండకు వేడెక్కిన తారు రాత్రి చాలాసేపు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం కోసం పాములు రోడ్డు మీదికి వస్తాయి. పురుగుల కోసం కప్పలు వస్తాయి. పునుగుపిల్లి, ముళ్లపంది, కుందేలు ఇవన్నీ రాత్రి తిరిగేవే. దుప్పి కళ్లలోకి లైటు పడితే పరిగెత్తదు, ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్తుంది, 80లో 22 మీటర్లు. మలుపు తిరిగాక దుప్పి కనబడి, బ్రేక్ మీద కాలు వేసేలోపే అయిపోతుంది. డ్రైవర్ అన్నలకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. పగలైనా అడవిలో 'నెమ్మదిగా' అని రాసిన బోర్డును లెక్కలోకి తీసుకోండి. నలభై నిమిషాలు కలిసొస్తే దర్శనం క్యూలో అవి ఎలాగూ పోతాయి.

ఇలాంటి కట్టడి మన దగ్గరే ఉందనుకోకండి. కర్ణాటకలోని బందీపూర్‌లో 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు రోడ్డు మూసేస్తున్నారు. కోర్టుకు వెళ్లినా హైకోర్టు ఆ కట్టడినే నిలబెట్టింది. అక్కడా పక్క రాష్ట్రానికి వెళ్లే జనం ఉన్నారు, సరుకు లారీలు ఉన్నాయి. ఇబ్బంది ఉంది, దానికి అలవాటు పడ్డారు. ప్రాణం మీదికి వస్తే అంబులెన్స్‌ను ఎవరూ ఆపరు. మనం అడుగుతున్నది ప్రాణం కోసం కాదు, తెల్లవారి అభిషేకం టికెట్ కోసం.

"ఎత్తైన వంతెన మీద నుంచి రోడ్డు వేస్తారట కదా, అప్పుడు గేటు అక్కర్లేదు" అని ఈ మధ్య కొందరంటున్నారు. మహారాష్ట్రలో పెంచ్ అడవి మీదుగా వెళ్లే 44వ జాతీయ రహదారి కింద జంతువుల కోసం దారులు వదిలారు. వాటిలో పులులు నడిచిన ఫొటోలు కెమెరాల్లో పడ్డాయి కూడా. సరిగ్గా కడితే మేలే జరగొచ్చు. కానీ పెంచ్‌లో ఉన్నది చాలావరకు చదును నేల. ఇక్కడివి కొండలు, లోయలు. స్తంభాలు వేయడానికి ఎన్నేళ్లు మిషన్లు తిరుగుతాయో, ఎన్ని చెట్లు పోతాయో తేలకుండా నేనైతే సంబరపడలేను. ఒకవేళ కట్టినా అది కట్టినప్పటి మాట. దాన్ని చూపించి ఇవాళ గేటు తెరవమనడం ఏం న్యాయం?

చెట్ల మాట వచ్చింది కాబట్టి ఇది చెప్పాలి. పోయిన చెట్టుకు బదులు పది మొక్కలు నాటుతాం అంటుంటారు. మనమూ తలూపుతాం. ఒకసారి పగటిపూట ఫర్హాబాద్ వైపు ఒక నల్లమద్ది దగ్గర నిలబడి చూశాను. ఇద్దరం చేతులు చాపి పట్టుకుంటే గానీ చుట్టు అందలేదు. బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంది. ఆ పలకల మందం వల్లే కింద మంట పాకినా చెట్టు తట్టుకుంటుంది. పలకల సందుల్లో చీమల బారు. మనిషి ఎత్తుకు పైన ఒక తొర్ర, దాని అంచు నున్నగా అరిగి ఉంది. ఏదో రోజూ లోపలికీ బయటికీ తిరుగుతోందన్నమాట. ఎండాకాలంలో కొన్ని నల్లమద్దుల బోదెలో నీళ్లు నిలవ ఉంటాయి. 2024లో పాపికొండల అడవిలో బెరడు గాటు పెడితే నీళ్లు ధారగా వచ్చిన వీడియో మీలో చాలామంది ఫోన్లో చూసే ఉంటారు. అక్కడి కొండరెడ్లకు అది కొత్త సంగతేం కాదు. దసలి పట్టు పురుగు తినేదీ ఈ ఆకునే.

ఆ తొర్ర ఏర్పడడానికి కొమ్మ విరగాలి, ఆ చోటు పుచ్చాలి, పురుగు తొలవాలి, వడ్రంగి పిట్ట పొడవాలి. దానికి తరాలు పడుతుంది. గుడ్లగూబకు ఇల్లు కావాలంటే ఆ చెట్టే కావాలి. మనం వానాకాలంలో నాటి ఫొటో దిగే మొక్క దానికి ఏ రకంగానూ పనికిరాదు. మన మనవడి మనవడికి పనికొస్తుందేమో, అప్పటిదాకా ఎవరూ నరక్కపోతే.

మల్లికార్జునుడు అన్న పేరులోనే మల్లె ఉంది, మద్ది ఉంది. అర్జున వృక్షమంటే తెల్లమద్ది, నల్లమద్దికి దగ్గరి చుట్టం. చెంచులు ఆయన్ను చెంచు మల్లయ్య అని ఇంటి మనిషిలా పిలుచుకుంటారు. మనం మద్ది చెట్టు పేరున్న దేవుణ్ని చూడ్డానికి మద్ది అడవిలోంచి వెళ్తూ, ఆ మద్ది కింద ఏం చేస్తున్నామో ఇక చెప్పక తప్పదు.

వటవర్లపల్లి దాటాక ఒక మలుపులో పెద్ద టూరిస్టు బస్సు ఆగింది. కిటికీల్లోంచి అరటిపళ్లు, బిస్కెట్లు, పులిహోర పొట్లాలు విసురుతున్నారు. పుణ్యమని చేస్తున్నారు, ఎవరి మనసులోనూ చెడు లేదు. కోతులు ముప్పై దాకా ఉంటాయి. బస్సు కదిలింది. పొట్టకు పిల్లను హత్తుకున్న ఒక తల్లి కోతి, చక్రం దగ్గర పడ్డ పండు కోసం ఉరికింది. అది మాత్రం తప్పించుకుంది. పిల్ల పట్టు జారింది. బస్సు ఆగలేదు, లోపలివాళ్లకు తెలిసి కూడా ఉండదు. ఆ తల్లి పిల్లను ఒళ్లో పెట్టుకుని, ముఖం మీది దుమ్ము వేళ్లతో తీస్తూ రోడ్డు పక్కనే కూర్చుంది. మేం చూస్తున్నంతసేపూ అలాగే ఉంది. అమ్మ ఆ రోజు నుంచి కోతులకు ఏమీ వేయదు. నన్నూ వేయనివ్వదు.

కోతి అడవిలో ఉంటే మొర్రిపండ్లు, తునికిపండ్లు తిని గింజలు ఎక్కడెక్కడో వేస్తుంది. అవే మొలకెత్తుతాయి. మనం రోడ్డు పక్కన అన్నం అలవాటు చేస్తే ఆ పని ఆగిపోతుంది. తర్వాత అదే కోతి మనిషి చేతిలో సంచి లాక్కుంటే 'కోతుల బెడద' అని ఫిర్యాదు చేసేదీ మనమే.

ప్లాస్టిక్ గురించి వందసార్లు విన్నారు, నేను ఎక్కువ చెప్పను. ఒక్క సంగతి. చిప్స్ కవర్ లోపల ఉప్పు అంటుకుని ఉంటుంది. అడవిలో ఉప్పు దొరకడం కష్టం, అందుకే దుప్పులూ కణుజులూ ఉప్పునేల వెతుక్కుని నాకుతాయి. ఆ కవర్ వాసనకు వచ్చి దాన్ని నమిలి మింగుతాయి. నెమరు వేసే జంతువు పొట్టలోకి వెళ్లిన కవర్ బయటికి రాదు. పొట్ట నిండినట్టే ఉంటుంది, జంతువు మాత్రం చిక్కిపోతుంది. కారులో ఒక సంచి పెట్టుకోండి. అంతే.

నిప్పు గురించి మాత్రం ఎక్కువ చెప్పాలి. శివరాత్రి నుంచి ఉగాది దాటేదాకా మన రాకపోకలు ఎక్కువ. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను మీదుగా వేలమంది కాలినడకన వెళ్తారు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. "వస్తున్నాం లింగమయ్యా" అంటూ లోయలోకి దిగే ఆ జనాన్ని చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, నేనూ రెండుసార్లు వెళ్లాను. సరిగ్గా అదే కాలంలో ఈ అడవి ఆకు మొత్తం రాల్చేస్తుంది. మడమలు మునిగేంత ఎండుటాకు, కింద ఎండు గడ్డి. ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, వంట చేసుకుని వదిలేసిన మూడు రాళ్ల పొయ్యి, దారి పక్కన వెలిగించి వెళ్లిన కర్పూరం చాలు. మంట చెట్టంత ఎత్తుకు లేవదు, నేల మీద పాకుతుంది. అందుకే దూరం నుంచి చూస్తే పెద్ద నష్టం లేనట్టుంటుంది. కానీ ఆ ఏడాది మొలిచిన మొక్క మొత్తం పోతుంది. నేల మీద గూడు పెట్టే పిట్టల గుడ్లు పోతాయి. పరిగెత్తలేని తాబేలు పోతుంది. తొర్ర ఉన్న పాత చెట్టులోకి నిప్పు దూరితే అది పొగగొట్టంలా లోపలి నుంచి కాలుతుంది, రెండు రోజుల తర్వాత కూలుతుంది. ఆ ఖాళీలో వానాకాలంలో ముందు లేచేది లాంటానా కంప. దాన్ని దుప్పి మేయదు, దాని కింద గడ్డి రాదు.

ఆ మంటలు ఆర్పేవాళ్లను ఎప్పుడైనా చూశారా? చేతిలో పచ్చికొమ్మ, వీపున బ్లోయర్, కాళ్లకు మామూలు చెప్పులు. ఎక్కువమంది చుట్టుపక్కల పెంటల్లోని, అంటే అడవి గూడేల్లోని, చెంచులే. ఎండాకాలం మొదలవకముందే మంట పాకకుండా ఆకూ గడ్డీ తీసేసి ఫైర్ లైన్లు గీసేదీ వాళ్లే, జంతువులు తాగే సాసర్ పిట్లలో (లోతులేని తొట్లలో) నీళ్లు నింపేదీ వాళ్లే, పులి అడుగు చూసి ఎటు పోయిందో చెప్పేదీ వాళ్లే. గేటు దగ్గర మన చేత తిట్లు తినేదీ వాళ్లే.

2019లో యురేనియం కోసం నల్లమలలో అన్వేషణ చేస్తారంటే రెండు రాష్ట్రాల్లో జనం కదిలారు. ఆ సెప్టెంబర్ 16న తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. మీలో చాలామంది అప్పుడు పోస్టులు పెట్టారు, సంతకాలు చేశారు. ఆ ప్రేమ నిజమేనని నమ్ముతున్నాను కాబట్టే ఇంత ధైర్యంగా అడుగుతున్నాను. తవ్వేవాడు ఎవరో బయటివాడు కాబట్టి గట్టిగా నిలబడ్డాం. ఇప్పుడు అడవి మీదికి వెళ్తున్నది మన బండ్లే.

ఆలయ పెద్దలకూ, రెండు ప్రభుత్వాలకూ కూడా ఒక మాట. గేటు దగ్గర ఆగిపోయేవాళ్లలో ముసలివాళ్లు, పసిపిల్లలు ఉంటారు. మన్ననూరులోనూ దోర్నాలలోనూ తక్కువ ఖర్చుతో రాత్రి తలదాచుకునే వసతి, శుభ్రమైన మరుగుదొడ్లు కట్టించండి. దర్శనం టికెట్ ఫోన్‌కి పంపేటప్పుడే గేటు వేళలు అందులో రాయండి. సగం గొడవ అక్కడే తీరుతుంది. శివరాత్రికి సడలింపు ఇవ్వమని ఎవరైనా పెద్దలు ఒత్తిడి చేస్తే, దయచేసి కాదనండి. మీరు కాదన్నందుకు భక్తులకు కోపం వస్తుందని భయపడకండి. మాలో చాలామందికి అసలు కారణం ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక మనలో మనం. ఈసారి ఇంటి నుంచి రెండు గంటలు ముందు బయల్దేరుదాం. అప్పటికీ ఆలస్యమై గేటు పడిపోయిందనుకోండి. హారన్ కొట్టకండి. బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, లైట్లు ఆర్పి, అద్దాలు దించి ఓ పది నిమిషాలు కూర్చోండి. పిల్లలుంటే వాళ్లనూ మాట్లాడకుండా వినమనండి. గేటు దగ్గరున్న వాచర్‌ను ఏం వినిపిస్తోందో అడగండి. ఆయన చెప్తాడు.

ఇట్లు,
ఏటా మీతోపాటే శ్రీశైలం వెళ్లే ఒక భక్తుడు